పులికాట్ తీరం – పర్యావరణ, వారసత్వ మంత్రి పాత్ర: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

రాష్ట్ర ప్రభుత్వంలో పర్యావరణాన్ని ఒక మంత్రి, సాంస్కృతిక వారసత్వాన్ని మరొక మంత్రి చూడటం ఆంధ్రప్రదేశ్‌లో స్థిరపడిన పద్ధతి. ప్రకృతి ఎక్కడ ముగుస్తుందో, సంస్కృతి ఎక్కడ మొదలవుతుందో చెప్పలేని ప్రదేశాలలో ఈ విభజన ఏ ఫలితాలనిస్తుందో నెల్లూరు తీరంలోని పులికాట్ సరస్సు ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. చట్టాలు మంత్రికి ఇచ్చిన అధికారాలతో పాటు కాటమరాజు కథాచక్రాన్ని, స.వెం. రమేశ్ ‘ప్రళయకావేరి కథల’ను, తీరప్రాంత గ్రామనామాలను కూడా ఇక్కడ ఆధారాలుగా స్వీకరించడం జరిగింది.

కీలకపదాలు: పులికాట్, ప్రళయకావేరి, నేలపట్టు, యానాదులు, దొరువు, పుల్లరి, జీవవైవిధ్య వారసత్వ ప్రదేశం.

ఉపోద్ఘాతం

నెల్లూరు ప్రస్తావనలో ‘మంత్రి’ అనే మాట వినగానే తెలుగు సాహిత్య విద్యార్థికి ముందుగా స్ఫురించేది తిక్కన. విక్రమసింహపురిలో మనుమసిద్ధి కొలువున ఆయన మంత్రి. నిర్వచనోత్తర రామాయణాన్ని ఆ రాజుకే అంకితమిచ్చాడు. మనుమసిద్ధి రాజ్యం కోల్పోయినప్పుడు తిక్కన ఓరుగల్లుకు వెళ్ళి గణపతిదేవుని సహాయం సాధించిన వృత్తాంతాన్ని కాసె సర్వప్ప సిద్ధేశ్వర చరిత్రము చెబుతుంది. ఆ వృత్తాంతంలో మంత్రి కత్తి పట్టలేదు, కోశం తెరవలేదు. ఒకచోటి కష్టాన్ని దాన్ని తీర్చగల మరొకచోట వినిపించాడు. మంత్రాంగం అనే మాటకు ఈ దేశంలో ఉన్న పాత అర్థం ఇదే.

ఈ అర్థాన్ని మనసులో పెట్టుకొని నేటి పులికాట్ ఒడ్డున నిలబడితే ఒక చిక్కు ఎదురవుతుంది. సరస్సులోని పక్షి అటవీశాఖది. చేప మత్స్యశాఖది. పక్షిని చూడటానికి వచ్చే యాత్రికుడు పర్యాటకశాఖవాడు. సరస్సు గట్టున ఉన్న పాత కట్టడం పురావస్తుశాఖది. నీటి అంచు తీరప్రాంత నియంత్రణ మండలి పరిధిలోకి వస్తుంది. సరస్సును చుట్టుకొని బతికే మనిషి తన కష్టం చెప్పుకోవలసి వస్తే ఏ మంత్రి ఇంటికి వెళ్ళాలి? ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ వంటి రాష్ట్రాలలో పర్యావరణాన్ని, వారసత్వాన్ని కలిపి ఒకే మంత్రికి అప్పగించే పద్ధతి ఉంది. అటువంటి పదవి ఇక్కడ లేదు. లేకపోవడం వల్ల పోయిందేమిటి, ఉంటే మారేదేమిటి అన్నది విచారించవలసిన విషయం.

పదవి స్వరూపం

భారత రాజ్యాంగంలో ఈ రెండు బాధ్యతలూ పక్కపక్కనే ఉన్నాయి. 51ఎ అధికరణంలోని ప్రాథమిక విధులలో ‘ఎఫ్’ ఖండం మిశ్రమ సంస్కృతి వారసత్వాన్ని కాపాడమంటే, ‘జి’ ఖండం అడవులను, సరస్సులను, నదులను, వన్యప్రాణులను కాపాడమంటుంది. అక్షరక్రమంలో వాటి మధ్య దూరం లేదు, సచివాలయంలో ఉంది. జాతీయ ప్రాధాన్యం లేని ప్రాచీన కట్టడాలు రాష్ట్రజాబితాలో 12వ అంశం. అడవులు, వన్యప్రాణుల రక్షణ మాత్రం 42వ రాజ్యాంగ సవరణతో రాష్ట్రజాబితా నుంచి ఉమ్మడి జాబితాకు మారాయి. ఆ సవరణ జరిగిన 1976లోనే పులికాట్, నేలపట్టు పక్షి సంరక్షణ కేంద్రాలుగా ప్రకటితమయ్యాయి. అంటే ఈ సరస్సు రక్షితప్రాంతం అయ్యే నాటికే దానిపై రాష్ట్ర మంత్రి మాట ఏకైక మాటగా ఉండే దశ ముగుస్తోంది.

ఏ శాఖ ఎవరికి చెందాలో రాజ్యాంగం చెప్పదు. 166వ అధికరణం కింద రూపొందే కార్యనిర్వహణ నియమాల ప్రకారం, ముఖ్యమంత్రి సలహాపై పంపిణీ జరుగుతుంది. అందువల్ల పర్యావరణ శాఖ పక్కన ఏ శాఖ కూర్చుంటుందన్నది ఆయా ప్రభుత్వాల దృష్టిని తెలిపే మంచి సూచిక. 2019లో ఏర్పడిన ప్రభుత్వంలో బాలినేని శ్రీనివాసరెడ్డి ఇంధనం, అటవీ, పర్యావరణ శాఖలను కలిపి చూశారు. 2022 ఏప్రిల్ పునర్వ్యవస్థీకరణ తర్వాత పెద్దిరెడ్డి రామచంద్రారెడ్డికి వీటితో పాటు గనుల శాఖ కూడా దక్కింది. ఇక్కడ వ్యక్తుల నిజాయితీని ప్రశ్నించవలసిన పని లేదు. పదవుల కూర్పును చూస్తే చాలు. కృష్ణపట్నం రేవు పక్కన నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. చిల్లకూరు, కోట మండలాల ఇసుకనేలల్లో సిలికా గనులున్నాయి. విద్యుత్తు పెంచవలసిన మంత్రి, గనులకు అనుమతులిచ్చే శాఖకు అధిపతి, వాటివల్ల కలిగే నష్టాన్ని అదుపు చేయవలసిన మంత్రి ఒకరే అయినప్పుడు వాదీ ప్రతివాదీ ఒకే కుర్చీలో కూర్చున్నట్లే. రెండు శాఖల మధ్య జరగవలసిన వాదం అప్పుడు కాగితం మీదికే రాదు.

2024 జూన్‌లో ఏర్పడిన ప్రభుత్వంలో ఈ కూర్పు మారింది. ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్‌కు పర్యావరణ, అటవీ, శాస్త్ర సాంకేతిక శాఖలతో పాటు పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి శాఖలు వచ్చాయి. పర్యాటక, సాంస్కృతిక శాఖలు కందుల దుర్గేశ్ చేతిలో ఉన్నాయి. గనులూ ఇంధనమూ పోయి గ్రామపంచాయతీ వచ్చి పక్కన కూర్చోవడం పేరుకు చిన్న మార్పుగా కనిపించినా, పులికాట్ విషయంలో అది ఎందుకు ముఖ్యమో ముందుముందు తేలుతుంది. వారసత్వం మాత్రం మునుపటిలాగే పర్యాటకంతో జతగూడి ఉంది. చూడటానికి వచ్చేవాడి కోసమే వారసత్వం అన్న భావన ఈ జతలోనే ఇమిడి ఉంది.

మంత్రి అధ్యక్షుడు, సరస్సు గైర్హాజరు

పర్యావరణ మంత్రి మాటకు చట్టంలో ఎంత బలముందో లెక్క చూస్తే ఒక విచిత్రం బయటపడుతుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 6వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర వన్యప్రాణి మండలికి ముఖ్యమంత్రి అధ్యక్షుడు, అటవీ మంత్రి ఉపాధ్యక్షుడు. పులికాట్ అభయారణ్యం కనుక దాని సరిహద్దుల మార్పు మొదలైన ప్రధాన విషయాలు ఈ మండలి ముందుకు వస్తాయి. అక్కడ మంత్రిది రెండవ కుర్చీ.

పెద్ద ప్రాజెక్టులకు పర్యావరణ అనుమతి 2006 సెప్టెంబరు 14 నాటి నోటిఫికేషన్ ప్రకారం జరుగుతుంది. కొన్నిటికి కేంద్రం, మిగిలినవాటికి రాష్ట్రస్థాయి పర్యావరణ ప్రభావ మదింపు ప్రాధికార సంస్థ అనుమతినిస్తాయి. ఆ సంస్థను నియమించేది కేంద్రమే. రాష్ట్రం పేర్లు మాత్రమే పంపుతుంది. ప్రజాభిప్రాయ సేకరణను కాలుష్య నియంత్రణ మండలి ఏర్పాటు చేస్తుంది, కలెక్టరో ఆయన ప్రతినిధో అధ్యక్షత వహిస్తారు. తీరప్రాంత నిర్వహణ ప్రాధికార సంస్థ కూడా పర్యావరణ పరిరక్షణ చట్టం, 1986 కింద కేంద్రం ఏర్పరిచేదే. ఈ వరుసలో ఎక్కడా మంత్రికి కుర్చీ లేదు. అనుమతుల మీద రాజకీయ ఒత్తిడి ఉండకూడదన్న సదుద్దేశంతోనే ఇలా చేశారనుకోవచ్చు. కానీ ఫలితంగా ఓటరుకు జవాబు చెప్పవలసిన ఏకైక వ్యక్తి నిర్ణయం జరిగే గదికి బయట నిలబడ్డాడు.

మంత్రి నిజంగా అధ్యక్షుడిగా ఉండే వేదిక ఒకటుంది. 2017 నాటి చిత్తడి నేలల సంరక్షణ, నిర్వహణ నియమాలు రాష్ట్ర చిత్తడి నేలల ప్రాధికార సంస్థను ఏర్పరిచి, పర్యావరణ లేదా అటవీ మంత్రిని దానికి అధ్యక్షునిగా, ప్రధాన కార్యదర్శిని ఉపాధ్యక్షునిగా చేశాయి. దేశంలోని ఉప్పునీటి సరస్సులలో చిలికా తర్వాత రెండవ స్థానం పులికాట్‌ది. చిత్తడి నేలల చర్చలో రాష్ట్రంలో ముందుగా రావలసిన పేర్లలో ఇది ఒకటి. అయితే అభయారణ్యాల చట్టం కింద, అటవీ చట్టాల కింద, తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ కింద ఉన్న చిత్తడి నేలలకు ఈ నియమాలు వర్తించవని ఆ నియమాలే చెబుతాయి. పులికాట్ అభయారణ్యమూ అవును, తీరప్రాంత నియంత్రణ పరిధిలోనిదీ అవును. మంత్రి అధ్యక్షత వహించే చోట సరస్సు లేదు. సరస్సు ఉన్న చోట మంత్రి అధ్యక్షుడు కాడు.

ఈ రెండు వేదికల సభ్యత్వాన్ని పోల్చి చూడటమూ అవసరమే. వన్యప్రాణి మండలిలో పర్యాటకాభివృద్ధి సంస్థ అధిపతికి స్థానం ఉంది, గిరిజన సంక్షేమ కార్యదర్శికి ఉంది, నామినేటెడ్ సభ్యులలో కనీసం ఇద్దరు షెడ్యూల్డ్ తెగలవారు ఉండాలన్న నిబంధన ఉంది. చిత్తడి నేలల ప్రాధికార సంస్థలో జలశాస్త్రం, మత్స్యశాస్త్రం, భూదృశ్య ప్రణాళిక, సామాజిక ఆర్థిక శాస్త్రం వంటి రంగాల నిపుణులున్నారు. చరిత్రకారుడికి, పురావస్తు నిపుణుడికి, జానపద విజ్ఞాన పరిశోధకుడికి, భాషావేత్తకు చట్టం రెండింటిలోనూ చోటు కేటాయించలేదు. సరస్సుకు గతం ఉందని ఈ చట్టాలకు తెలిసినట్లు లేదు.

పక్షి, రొయ్య, మనిషి

చట్టం పక్షిని చూసినంత స్పష్టంగా మనిషిని చూడలేదు. నేలపట్టు చెరువులో నీట మునిగిన కడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టుకొని పిల్లలను పెంచుతాయి. పక్షుల రెట్టలతో సారవంతమైన చెరువునీరు పైరుకు బలమని చుట్టుపక్కల రైతుల నమ్మకం. ఆ నమ్మకం పక్షులకు ప్రభుత్వ ప్రకటన కంటే ముందే రక్షణ కల్పించింది. అటవీశాఖ 1976లో ఈ స్థలాన్ని స్వాధీనం చేసుకున్నప్పుడు పక్షులను మాత్రమే కాక ఒక గ్రామీణ ఒప్పందాన్ని కూడా వారసత్వంగా పొందింది. పక్షుల లెక్క శాఖ దగ్గర ఉంటుంది. ఒప్పందం ఎవరి లెక్కలోనూ లేదు.

ఫ్లెమింగోల సంగతి మరో రకం. పత్రికలు, ప్రభుత్వం వాటిని రాజహంసలు అంటున్నాయి. కావ్యాలలోని రాజహంస పాలనూ నీళ్ళనూ వేరు చేస్తుంది. పులికాట్ బురదలో తల కిందులుగా ముక్కు ముంచే ఈ పక్షి నీటిని వడగట్టి ఆహారం తీసుకుంటుంది. కవిసమయానికీ జీవశాస్త్రానికీ ఇంత దగ్గరి పోలిక కుదరడం ముచ్చటే గాని, పేరు కావ్యం నుంచి తెచ్చి తగిలించిందే. 2001 నుంచి సూళ్ళూరుపేట కేంద్రంగా ఫ్లెమింగో పండుగ జరుగుతోంది. కొన్నేళ్ళ విరామం తర్వాత 2025 జనవరిలో మళ్ళీ జరిగింది. పండుగకు వేదికలు, పాటలు, పడవ షికార్లు ఉంటాయి. పక్షులు రావడానికి కారణమైన నీటి లోతు గురించి మాట్లాడవలసింది వేరే శాఖ. పండుగ చేసే శాఖకు సరస్సు ఒక దృశ్యం. సరస్సును కాపాడే శాఖకు పండుగ ఒక రద్దీ.

నీటి లోతు విషయం చిన్నది కాదు. సరస్సు ఉత్తర భాగం లోతు తక్కువ. వేసవిలో చాలామేర ఎండిపోతుంది. తమిళనాడు వైపు పళవేర్కాడు దగ్గర సముద్రద్వారం ఉంది. ఆంధ్ర వైపున రాయదొరువు, కొండూరుపాళెం ముఖద్వారాలు ఇసుక మేటలతో పూడుకుపోతూ వచ్చాయి. ఆటుపోటు లోపలికి రాకపోతే చేపపిల్ల, రొయ్యపిల్ల రావు. అవి రాకపోతే ఆంధ్ర జాలరి దక్షిణాన తమిళనాడు నీటిలోకి వెళ్తాడు, అక్కడ తగాదా మొదలవుతుంది. పూడిక తీయడం జలవనరుల పని, చేపలకోసం కనుక మత్స్యశాఖ పని, అభయారణ్యం కనుక అటవీశాఖ అనుమతి, తీరం కనుక మరొక అనుమతి, తగాదా తీర్చడానికి రెండు రాష్ట్రాల సంప్రదింపులు. ఒక ఇసుకమేటను కదిలించడానికి ఇన్ని తలుపులు తట్టవలసిన చోట మంత్రి అనేవాడు తిక్కన చేసిన పని చేయాలి. ఆ పనిని ఏ నియమమూ ఆయనకు అప్పగించలేదు; ఏ నియమమూ నిషేధించనూ లేదు.

న్యాయస్థానం మాత్రం ఒకసారి గట్టిగా కలగజేసుకుంది. గాంధేయవాది ఎస్. జగన్నాథన్ వేసిన వ్యాజ్యంలో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పునిస్తూ తీరప్రాంత నియంత్రణ పరిధిలోని పారిశ్రామిక రొయ్యల చెరువులను తొలగించమంది. చిలికా, పులికాట్ సరస్సులకు 1000 మీటర్ల లోపల రొయ్యల సాగు ఉండరాదని ప్రత్యేకంగా ఆదేశించింది. నేలపట్టు పేరు కూడా ఆ ఆదేశంలో ఉంది. సంప్రదాయ పద్ధతుల సాగును పారిశ్రామిక సాగుతో కలపకుండా వేరుగా చూడటం ఆ తీర్పులోని వివేకం. సంప్రదాయం అంటే ఏమిటో తేల్చవలసి వచ్చినప్పుడు పర్యావరణ ప్రశ్న వారసత్వ ప్రశ్నగా మారుతుందని తీర్పు పరోక్షంగా ఒప్పుకుంది. 2005లో తీరప్రాంత జలసాగు ప్రాధికార సంస్థ చట్టం వచ్చాక చర్చ లైసెన్సుల వైపు మళ్ళింది. సంప్రదాయం సంగతి పక్కకు జరిగింది.

యానాదుల చరిత్ర ఇంకా చేదుగా ఉంటుంది. శ్రీహరికోట దీవి 1835లో ప్రభుత్వం చేతికి వచ్చింది. మద్రాసు నగరానికి వంటచెరకు అందించే అడవిగా దాన్ని చూశారు. దీవిలోని యానాదులు అటవీ ఉత్పత్తులు సేకరించే పనివారుగా నమోదయ్యారు. ఎడ్గార్ థర్స్టన్ 1909 నాటి తన బృహద్గ్రంథంలో వారి గురించి విస్తారంగా రాశాడు. తర్వాత దీవి అంతరిక్ష కేంద్రమైంది; 1971 అక్టోబరు 9న తొలి రోహిణి రాకెట్ ఎగిరింది. దీవి విడిచిన యానాది కుటుంబాలు ఒడ్డు మీది పల్లెలకు చేరాయి. వంటచెరకు, రాకెట్టు, పక్షి – మూడు కాలాల మూడు రాజ్యప్రయోజనాలు. మూడింటిలోనూ యానాది ఆ ప్రయోజనానికి ఉపయోగపడే చేయిగానో, అడ్డుగానో కనిపించాడు తప్ప ఆ దీవి జ్ఞానానికి వారసుడిగా కనిపించలేదు. అటవీ హక్కుల చట్టం, 2006లోని 3(1)(డి) ఖండం జలాశయాల చేపల మీద, పశువుల మేత మీద సామూహిక హక్కులను గుర్తిస్తుంది. అది అభయారణ్యాలకూ వర్తిస్తుంది. పులికాట్ విషయంలో పర్యావరణ మంత్రి పాత్రను అంచనా వేయడానికి పక్షుల గణన ఒక్కటే కొలమానం కాకూడదు. ఈ ఖండాన్ని ఆ మంత్రి తన శాఖకు అడ్డంకిగా భావించాడా, ఆధారంగా భావించాడా అన్నది అంతకంటే ముఖ్యమైన కొలమానం.

పుల్లరి

మేతహక్కు అనగానే నెల్లూరు సాహిత్యచరిత్రలో ఒక పాత గాయం కదులుతుంది. కాటమరాజు కథాచక్రం చెప్పే ప్రకారం కరువుకాలంలో కాటమరాజు ఆలమందలతో దక్షిణానికి వచ్చి నెల్లూరు ఏలిక నల్లసిద్ధి నేలలో మేపుకొనేందుకు ఒప్పందం చేసుకున్నాడు. మేతకు బదులుగా పుట్టిన కోడెదూడలు రాజుకు చెందాలన్నది కౌలు. ఒప్పందం చెడింది. పుల్లరి చెల్లించాలన్న రాజు పట్టు, చెల్లించనక్కరలేదన్న గొల్లల పట్టు పంచలింగాల యుద్ధానికి దారితీశాయి. నెల్లూరు పక్షాన పోరాడి మరణించిన ఖడ్గతిక్కన కవి తిక్కనకు పితృవ్యపుత్రుడు. తంగిరాల వెంకట సుబ్బారావు సేకరించి పరిష్కరించిన ఈ కథాచక్రాన్ని తెలుగు పరిశోధకులు ఎక్కువగా వీరగాథగా, కులపురాణంగా చదివారు.

దానికి మరొక పఠనం కూడా సాధ్యమే. ప్రకృతి వనరును వాడుకొనే సంచారసమూహానికీ, ఆ నేలపై అధికారం ఉన్న రాజ్యానికీ మధ్య కుదిరిన ఒప్పందం కరువు తాకిడికి ఎలా విరిగిందో చెప్పే కథ అది. రెండు పక్షాలకూ న్యాయముంది. కథకులు గొల్లల పక్షాన పాడినా నెల్లూరి వీరుణ్ణి తక్కువ చేయలేదు. ఒకే కుటుంబంలో ఒక తిక్కన మంత్రాంగంతో పేరు తెచ్చుకున్నాడు, మరొక తిక్కన ఖడ్గంతో. పుల్లరి తగాదాలో రెండవ తిక్కన అవసరం పడిందంటే మొదటి తిక్కన చేయవలసిన పని ఎక్కడో జరగలేదని ఊహించడం చరిత్ర కాకపోవచ్చు గాని విమర్శకు అది అనర్హమైన ఊహ కాదు. ఈ కథ రాష్ట్ర ప్రభుత్వ దృష్టిలో సాంస్కృతిక శాఖకు చెందిన జానపద కళారూపం. అందులోని విషయం మాత్రం అటవీ, పశుసంవర్ధక, రెవెన్యూ శాఖలది.

పేర్లలో నిలిచిన నీరు

పులికాట్ అన్నది పళవేర్కాడుకు పరదేశీయులు చేసుకున్న రూపాంతరం. 1613లో డచ్చివారు అక్కడ గెల్డ్రియా కోట కట్టారు. ఆ కోట ఉన్న ఊరి పేరే సరస్సుకంతటికీ స్థిరపడింది. సరస్సులో అధికభాగం ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నా తెలుగు పేరు ‘ప్రళయకావేరి’ ప్రభుత్వ పత్రాలలో వినిపించదు. స.వెం. రమేశ్ కథలు ఆ పేరును మళ్ళీ తెలుగు పాఠకుల నోటికి తెచ్చాయి. బాల్యస్మృతి రూపంలో సాగే ఆ కథల్లో దీవుల పంటలు, చేపలు, పక్షులు, ఆటలు, వావివరుసలు అక్కడి మాండలికంలోనే వస్తాయి. విమర్శకులు వాటిని ప్రధానంగా భాషాసేవగా మెచ్చుకున్నారు. ఆ మెప్పులో ఒక లోపముంది. రమేశ్ నమోదు చేసినది మాటలనే కాదు. ఏ కాలంలో ఏ గాలి వీస్తే ఏ నీరు ఎటు కదులుతుందో తెలిసినవారి లోకం అది. మాట పోతే ఆ తెలివిడి పోతుంది. సంరక్షణ కేంద్రపు నిర్వహణ ప్రణాళికకు ఆ పుస్తకం అనుబంధంగా ఉండదగినది. అయితే ఆ కథల్లోని గతం పట్ల ఉన్న మమకారం అప్పటి కులభేదాలను, పేదరికాన్ని కొంత మెత్తబరుస్తుందన్నదీ ఒప్పుకోవాలి. వారసత్వాన్ని రక్షించే మంత్రి ఏ వారసత్వాన్ని రక్షిస్తాడన్న ప్రశ్న అక్కడే పుడుతుంది.

తీరంలోని గ్రామనామాలు ఇంకా పాత సాక్ష్యాలు. ‘దొరువు’ అంటే ఇసుకనేలలో తవ్విన నీటిగుంట. తీరపు ఇసుక కింద ఉప్పునీటి మీద తేలియాడే పలుచని మంచినీటి పొర ఉంటుంది. దొరువు ఆ పై పొరను మాత్రమే తీసుకుంటుంది. లోతుగా బోరు వేసి మోటారుతో లాగితే కింది ఉప్పు పైకి వస్తుంది. రాయదొరువు అన్న పేరులో ఆ పరిజ్ఞానం దాగి ఉంది. ‘తిప్ప’ అంటే నీటి మధ్య మెరక, అటకానితిప్ప అటువంటిది. నేడు సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సును చీల్చుకుంటూ వేసిన రోడ్డు మీద అటకానితిప్ప ఒక మలుపు మాత్రమే. ఇరకం, వేనాడు, పేర్నాడు దీవులలో వేనాడుకు దర్గా ఉంది. గంధమహోత్సవానికి మతభేదం లేకుండా జనం వెళ్తారు. ఈ దర్గా, ఆ దొరువు, ఈ తిప్ప ఏ మంత్రిత్వ శాఖ జాబితాలో ఉండాలి?

దుగరాజపట్నం విషయంలో పేరు చెదరడం ఎంతదాకా వెళ్ళిందో చూడవచ్చు. ఆంగ్లేయులు 1626లో అక్కడ వర్తక స్థావరం నెలకొల్పి ఆర్మగాన్ అన్నారు. చెన్నపట్నానికి పునాది వేసిన ఫ్రాన్సిస్ డే అక్కడి నుంచే వెళ్ళాడు. 2014 ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం పదమూడవ షెడ్యూలు ‘దుగ్గిరాజుపట్నం’లో పెద్ద రేవు కట్టాలని, తొలిదశ 2018 చివరికి పూర్తి కావాలని రాసింది. పేరు తప్పు, రేవూ రాలేదు. పులికాట్, శ్రీహరికోటల సామీప్యం ఆ రేవుకు అడ్డమైంది. రాష్ట్రం రామాయపట్నం వైపు తిరిగింది. 2025లో దుగరాజపట్నంలోనే నౌకానిర్మాణ కేంద్రం ప్రతిపాదన వచ్చింది. నాలుగు శతాబ్దాల చరిత్ర ఉన్న ఆ ఊరిని గురించిన చర్చలో రెండు వాదాలే వినిపించాయి: ఉద్యోగాలు, పక్షులు. ఊరి చరిత్రను వాదంగా నిలబెట్టే మంత్రి ఆ బల్ల దగ్గర లేడు.

2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనతో సూళ్ళూరుపేట, తడ, నేలపట్టు తిరుపతి జిల్లాలోకి వెళ్ళాయి. పాలనాపరంగా పులికాట్ నెల్లూరిది కాకుండా పోయింది. మాటతీరు మాత్రం జిల్లా మారలేదు.

37వ సెక్షన్

రెండు శాఖలను కలిపి ఒకే మంత్రికి ఇస్తే సరిపోతుందా? న్యూ సౌత్ వేల్స్ అనుభవం అంత తేలికైన సమాధానం ఇవ్వదు. అక్కడి వారసత్వ చట్టం 1977లో వచ్చింది. దానికి ముందు 1971 నుంచి జాక్ ముండే నాయకత్వంలో భవన నిర్మాణ కార్మికులు పాత ఇళ్ళను, పొదల వనాలను కూల్చే పని చేయబోమని నిరాకరించారు. ‘గ్రీన్ బాన్’గా పేరొందిన ఆ నిరాకరణలో చెట్టూ ఇల్లూ ఒకే జాబితాలో ఉన్నాయి. శ్రామికులు ముందు కలిపారు, చట్టం తర్వాత వచ్చింది. పైనుంచి శాఖలను కలిపినంత మాత్రాన కింది లోకం కలవదు. వారసత్వాన్ని పర్యాటకం నుంచి విడదీయకుండా పర్యావరణానికి జోడిస్తే, సరస్సు మొత్తం ప్రదర్శనశాల అయ్యే ప్రమాదం కూడా ఉంది.

కొత్త పదవి లేకుండానే ఉపయోగించదగిన సాధనం ఒకటి మన చట్టంలో ఉంది. జీవవైవిధ్య చట్టం, 2002లోని 37వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం స్థానిక సంస్థలను సంప్రదించి ఒక ప్రాంతాన్ని ‘జీవవైవిధ్య వారసత్వ ప్రదేశం’గా ప్రకటించవచ్చు. చట్టంలో ఈ రెండు మాటలూ ఒకే పదబంధంలో కలిసిన అరుదైన చోటు ఇది. తెలంగాణ 2016లో అమీన్‌పూర్ చెరువును ఇలా ప్రకటించింది. తమిళనాడు 2022లో మదురై దగ్గరి అరిట్టాపట్టిని ప్రకటించింది. అక్కడ కొండలు, పక్షులు, తమిళ బ్రాహ్మీ శాసనాలు కలిసే ఉన్నాయి. 2024లో ఆ పరిసరాలలో టంగ్‌స్టన్ గనుల హక్కు వేలం వేసినప్పుడు రైతులు పక్షుల పేరూ, శాసనాల పేరూ కలిపే చెప్పారు. 2025 జనవరిలో కేంద్రం ఆ వేలాన్ని రద్దు చేసింది. ప్రకటన ఒక్కటే దాన్ని ఆపిందనడం అతిశయోక్తి. మాట్లాడటానికి వారికి ఒక చట్టబద్ధమైన మాట దొరికిందనడం అతిశయోక్తి కాదు.

పులికాట్‌కు ఇప్పటికే అభయారణ్య హోదా ఉండగా మరొక హోదా ఎందుకన్న ఆక్షేపణ న్యాయమైనదే. జవాబు హోదా కంటే విధానంలో ఉంది. అభయారణ్యం ప్రకటన పైనుంచి దిగుతుంది. 37వ సెక్షన్ స్థానిక సంస్థలతో సంప్రదింపును కోరుతుంది. 41వ సెక్షన్ ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య నిర్వహణ కమిటీ ఉండాలంటుంది. ఆ కమిటీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును తయారు చేయాలి. గ్రామపంచాయతీ, పర్యావరణ శాఖలు రెండూ ఒకే మంత్రి చేతిలో ఉన్న ప్రస్తుత కూర్పు ఇక్కడే అక్కరకు వస్తుంది. 2022లో ఈ దస్త్రం కదలాలంటే ఇద్దరు మంత్రులు కావాలి. ఇప్పుడు ఒక్కరు చాలు. కూర్పు మళ్ళీ మారితే అవకాశం పోతుంది. సాంస్కృతిక శాఖను కూడా ఈ పనిలో చేర్చుకొనే బాధ్యత ఆ ఒక్కరిదే.

ఆ రిజిస్టరు నమూనాలో ప్రతి జీవికి శాస్త్రీయ నామం పక్కన స్థానిక నామానికి ఒక గడి ఉంటుంది. దానితో ముడిపడిన సంప్రదాయ జ్ఞానానికి మరొక గడి. శాస్త్రీయ నామం నింపడానికి జంతుశాస్త్ర, వృక్షశాస్త్ర అధ్యాపకులను పిలుస్తారు. రెండవ గడిలో ఇరకం జాలరి చేపను ఏమంటాడో, తడ యానాది అదే చేపను ఏమంటాడో, ఆ రెండు మాటలలో ఏది తెలుగో ఏది తమిళమో లేక రెండింటి కలయికో తేల్చి, ఉచ్చారణ చెడకుండా రాయడం తెలుగు శాఖల పని. నెల్లూరు, తిరుపతి విశ్వవిద్యాలయాలు రెండూ ఆ సరస్సుకు దూరం కావు.